బండి ఎందుకు ఆగింది?

బాసర గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. ఇక్కడ జ్ఞాన సరస్వతి గుడి ఉంది. తల్లిదండ్రులు చిన్న పిల్లలను తీసుకొని ఇక్కడికి వస్తారు. పలక మీద మొదటి అక్షరం దిద్దిస్తారు. దీన్ని అక్షరాభ్యాసం అంటారు. వసంత పంచమి నాడు జనం మరీ ఎక్కువగా వస్తారు.

మనం పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవాళ్లం. మన అక్షరాలు పుస్తకంలోనే ఉండిపోవద్దు. బస్సు బోర్డు మీద, మందు సీసా మీద, కరెంటు బిల్లు మీద కూడా అక్షరాలు ఉంటాయి. మిషను మీద కూడా ఉంటాయి. ఈ పాఠంలో పిల్లల బండి ఒకదాని మీద ఉన్న అంకెలు చదువుదాం. అవి చదివితే ఏమి లాభమో చూద్దాం.

పిల్లల బండి

జాతరల్లో, పండుగలకు జనం కూడే చోట్ల చిన్న పిల్లల బ్యాటరీ బండ్లు చూసే ఉంటారు. కొన్ని జీపులాగా ఉంటాయి. కొన్నింటికి బైకు మాదిరి హ్యాండిలు, సీటు, నాలుగు లావు చక్రాలు ఉంటాయి. వీటిని క్వాడ్ బైకు అంటారు. పెట్రోలు ఉండదు. పిల్లవాడు కాలితో పెడల్ నొక్కితే కదులుతుంది. వదిలితే ఆగుతుంది.

ఇలాంటి బండిని కిరాయికి తిప్పి బతికే అక్క ఒకామె ఉందనుకుందాం. ఆమె కూడా మనలాగే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పండుగ రేపనగా బండి ఆగిపోయింది. పెడల్ నొక్కితే చప్పుడు లేదు. లైటు కూడా వెలగలేదు. రేపు బండి నడవకుంటే నాలుగు పైసలు రావు.

పక్క దుకాణం తమ్ముడు వచ్చి చూశాడు. సీటు కింద ఫ్యూజు కాలిపోయి కనిపించింది.

"అక్కా, ఇంత దానికే పరేషాన్ ఎందుకు? ఫ్యూజు జాగల రాగి తీగ చుట్టు. నడుస్తది" అన్నాడు.

అక్క ఆలోచించింది. ఆ సీటు మీద కూర్చునేది నాలుగేండ్ల పిల్లలు. ఎవరి పిల్లలో నమ్మి కూర్చోబెడతారు. ఆమె ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే కాకను పిలిచింది.

కాక ఆ మాట విని తల అడ్డంగా ఊపాడు.

"చెరువుకు మత్తడి ఎందుకు పెడ్తరు బిడ్డా? నీళ్లు ఎక్కువైతే కట్ట తెగొద్దని. మత్తడి మూసేసినవనుకో, కట్టనే తెగుతది. ఫ్యూజు కూడ గట్లనే. కరెంటు ఎక్కువ పారితే ముందు ఫ్యూజు కాలాలె. అది కాలకుంటె లోపల వైరు కాలుతది. పైన పిలగాడు కూసుంటడు. ఫ్యూజు కాలింది సరే. ఎందుకు కాలిందో చూడాలె."

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే. ఫ్యూజు కాలడం రోగం కాదు. రోగానికి గుర్తు.

కరెంటు దారి

కరెంటు ఒక చుట్టు తిరుగుతుంది. బ్యాటరీలో బయలుదేరి మళ్లీ బ్యాటరీకే చేరుతుంది. పిల్లలు చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడిన ఆట తలచుకోండి. ఒక్కరు చెయ్యి వదిలినా గుండ్రం తెగుతుంది. కరెంటు దారి కూడా అంతే. ఎక్కడ ఒక్కచోట తెగినా బండి ఆగుతుంది.

మన బండిలో దారి ఇలా ఉంటుంది:

బ్యాటరీ – ఫ్యూజు – స్విచ్చు – పెడల్ స్విచ్చు – ముందుకు వెనకకు మార్చే స్విచ్చు – మోటారు – మళ్లీ బ్యాటరీ.

ఈ వరుసను నోటుబుక్కులో రాసుకోండి. కొన్ని బండ్లలో వరుస కొంచెం మారుతుంది. కొన్నింటికి రిమోట్ డబ్బా కూడా ఉంటుంది. అయినా మొదలు బ్యాటరీ, చివర మోటారు.

బండిలో రెండు రకాల తప్పులు జరుగుతాయి.

ఒకటి: దారి తెగడం. వైరు ఊడుతుంది, లేదా క్లిప్పుకు చిలుము పడుతుంది. కరెంటు పారదు.

రెండు: దారి అడ్డంగా కలవడం. ఎర్ర వైరు, నల్ల వైరు తొడుగు పోయి ఒకదానికొకటి తగులుతాయి. కరెంటు మోటారు దాకా పోకుండా మధ్యలోనే తిరుగుతుంది. దీన్ని షార్టు అంటారు. అప్పుడు వైరు వేడెక్కుతుంది. ఫ్యూజు కాలేది ఎక్కువగా ఇందుకే.

బండి మీద రాసింది చదవండి

కాక బ్యాటరీ బయటికి తీశాడు. "బిడ్డా, దీని మీద ఏమి రాసిందో నువ్వే చదువు" అన్నాడు.

అక్క చదివింది. "12... పక్కన ఇంగ్లీషు అక్షరం. 7... పక్కన రెండు అక్షరాలు."

12 పక్కన ఉన్నది 'వి'. అది వోల్టుకు గుర్తు. కరెంటును తోసే బలాన్ని వోల్టుల్లో చెబుతారు. ట్యాంకు ఎత్తులో ఉంటే నల్లాలో నీళ్లు జోరుగా వస్తాయి. వోల్టు అలాంటిది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఈ బండిది 12 వోల్టులే.

7 పక్కన ఉన్నది 'ఎహెచ్'. అంటే ఆంపియర్ అవర్. పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. బ్యాటరీలో ఎంత నిలువ ఉందో ఈ అంకె చెబుతుంది. ఎక్కువ వాడితే తొందరగా అయిపోతుంది. తక్కువ వాడితే ఎక్కువ సేపు వస్తుంది.

బ్యాటరీకి రెండు కొసలు ఉంటాయి. + గుర్తు ఉన్న కొసకు ఎర్ర వైరు. − గుర్తు ఉన్న కొసకు నల్ల వైరు. తారుమారు చేయవద్దు.

ఫ్యూజు మీద 10 అని ఉంది. 10 ఆంపియర్లకు మించి పారితే అది కాలుతుంది. 10 ఉన్నచోట 10 మాత్రమే పెట్టాలి. 20 పెట్టరాదు, 30 పెట్టరాదు. తీగ చుట్టనే రాదు. ఇంత చిన్న బ్యాటరీ కూడా షార్టు అయితే కొద్ది క్షణాలు వంద ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. సన్న వైరు ఎర్రగా కాలడానికి అది చాలు.

ఇటువంటి సీసపు బ్యాటరీని 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేశాడు. ఒకసారి అయిపోయినా మళ్లీ ఛార్జి చేసుకోవచ్చు. అదే దాని గొప్ప.

పని మొదలుపెట్టే ముందు

1. పిల్లలను దూరంగా ఉంచండి.
2. ఛార్జరు తీసివేయండి. బండి స్విచ్చు ఆపండి.
3. చేతి గాజులు, ఉంగరం తీయండి. మెడలో గొలుసు వేలాడనీయవద్దు. లోహం బ్యాటరీ రెండు కొసలకు తగిలితే మంట రేగుతుంది. చెయ్యి కాలుతుంది.
4. బండి వెనక భాగం ఇటుకల మీద పెట్టండి. చక్రాలు నేలకు తగలవద్దు. లేకుంటే బండి ఉన్నట్టుండి ఉరుకుతుంది.
5. ఛార్జరు డబ్బా విప్పవద్దు. దానిలోకి 230 వోల్టులు వస్తాయి. ప్రాణం తీస్తుంది.

ఒక్కొక్కటిగా వెతకడం

కాక దగ్గర మీటరు ఉంది. ముల్లును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాడు. మీటరు ఎర్ర కొనను బ్యాటరీ + కు, నల్ల కొనను − కు తగిలించాడు.

"ఎంత వచ్చింది, చదువు."

"12.6, కాకా."

"అయితే బ్యాటరీ మంచిగున్నది."

ఈ అంకెలు గుర్తుంచుకోండి. ఛార్జి చేసి కొంతసేపు వదిలేసిన బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపుతుంది. సుమారు 12.2 అంటే సగం ఉంది. 12 కంటే తక్కువ అంటే ఛార్జి అయిపోయింది.

తర్వాత కాక నల్ల కొనను బ్యాటరీ − దగ్గరే ఉంచాడు. ఎర్ర కొనను మాత్రం జరుపుతూ పోయాడు. ఫ్యూజుకు ఇవతల 12.6 వచ్చింది. ఫ్యూజుకు అవతల 0 వచ్చింది.

"ఇక్కడి దాకా వచ్చింది. ఇక్కడ ఆగింది" అంది అక్క.

"గదే. నీళ్లు ఏ మడి దాకా వచ్చినయో చూసినట్టే. ఆగిన కాడనే దారి తెగింది."

దారి ఫ్యూజు దగ్గర తెగింది. కాని ఫ్యూజును కాల్చిన షార్టు ఎక్కడుంది? కాక బ్యాటరీ వైర్లు ఊడదీశాడు. మోటారు ప్లగ్గు కూడా ఊడదీశాడు. మోటారు లోపల తీగచుట్ట ఉంటుంది. దాని గుండా కూడా మీటరు కూస్తుంది. అందుకే ముందు దాన్ని వేరుచేయాలి.

ఇప్పుడు మీటరును కూత పెట్టే గుర్తు దగ్గర పెట్టాడు. ఒక కొన ఫ్యూజు అవతలి ఎర్ర వైరుకు, ఇంకో కొన బ్యాటరీకి పోయే నల్ల వైరుకు. బండి స్విచ్చు వేశాడు. మీటరు కూయలేదు.

"ఇప్పుడు పెడల్ నొక్కు బిడ్డా."

అక్క నొక్కింది. మీటరు కూసింది. వదిలింది. కూత ఆగింది.

దీని అర్థం ఏమిటి? పెడల్ వదిలినప్పుడు షార్టు లేదు. కాబట్టి ఫ్యూజు నుంచి పెడల్ దాకా దారి బాగుంది. నొక్కినప్పుడు షార్టు వచ్చింది. కాబట్టి తప్పు పెడల్ కు, మోటారు ప్లగ్గుకు నడుమ ఉంది. బండి మొత్తం విప్పనక్కరలేదు. సగం దారిని వెతికితే చాలు.

కాక ఆ వైర్ల వెంట చెయ్యి పెట్టి పోయాడు. వెనక ఇరుసు దగ్గర వైర్లు కట్టు ఊడి వేలాడుతున్నాయి. చక్రం తిరిగిన ప్రతిసారి ఇరుసుకు రాసుకున్నాయి. తొడుగు అరిగి లోపలి రాగి బయటపడింది. ఎర్ర వైరు, నల్ల వైరు రెండూ ఇనుప ఇరుసుకు తగులుతున్నాయి.

తమ్ముడు చూసి ఊరుకున్నాడు. రాగి తీగ చుట్టి ఉంటే ఈ వైర్లే సీటు కింద కాలేవి.

మీటరు లేకుంటే

ఆటో ఇండికేటరు బల్బు తీసుకోండి. అది 12 వోల్టులు, 21 వాట్లది. దానికి రెండు వైర్లు కట్టండి. కాలిన ఫ్యూజు తీసి, ఫ్యూజు రెండు కొసలకు ఈ బల్బు వైర్లు తగిలించండి. మోటారు ప్లగ్గు ఊడదీసే ఉంచండి. తర్వాత బ్యాటరీ వైర్లు తగిలించి, బండి స్విచ్చు వేసి పెడల్ నొక్కండి.

బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉంది. వైర్లను ఒక్కొక్కచోట కదిలించండి. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో అక్కడే తప్పు ఉంది. ఈ బల్బు రెండు ఆంపియర్లకు మించి పారనీయదు. కాబట్టి వైరు కాలదు. బల్బు మాత్రం బాగా వేడెక్కుతుంది. పట్టుకోవద్దు.

బాగుచేయడం

కాక అరిగిన ముక్కలు కత్తిరించాడు. అంతే లావు ఉన్న కొత్త వైరు వేశాడు. సన్న వైరు వేస్తే వేడెక్కుతుంది. రెండు అతుకులు పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వేశాడు. అతుకులకు టంకం పెట్టాడు. ఒక్కొక్క అతుకుకు వేరువేరుగా టేపు చుట్టాడు. వైర్లను ఇరుసుకు దూరంగా జరిపి ప్లాస్టిక్ కట్టుతో బిగించాడు.

మళ్లీ పెడల్ నొక్కి మీటరు పెట్టి చూశాడు. ఈసారి కూత రాలేదు. అప్పుడు మోటారు ప్లగ్గు పెట్టాడు. 10 ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేశాడు. చివరకు బ్యాటరీ వైర్లు తగిలించాడు.

చక్రాలు గాలిలో ఉండగానే పది నిమిషాలు తిప్పి చూశారు. తర్వాత అతుకులను చేతితో తాకి చూశారు. ఎక్కడా వేడి లేదు. పెడల్ వదలగానే చక్రం ఆగుతుందా అని కూడా చూశారు. పిల్లలను ఎక్కించింది ఇవన్నీ చూశాకే.

గుర్తును బట్టి కారణం

అన్ని బండ్లూ ఒకే కారణంతో ఆగవు. గుర్తులు చూసి వెతకాలి.

లైటు లేదు, కదలిక లేదు: బ్యాటరీ, ఫ్యూజు, పెద్ద స్విచ్చు చూడండి. కొన్ని బండ్లలో ఛార్జింగు రంధ్రం దగ్గర చిన్న స్విచ్చు ఉంటుంది. ఛార్జి అయ్యేటప్పుడు బండి కదలకుండా అది ఆపుతుంది. అది ఇరుక్కుపోయినా బండి కదలదు.

లైటు, పాట వస్తాయి, బండి కదలదు: బ్యాటరీ, ఫ్యూజు బాగున్నట్టే. పెడల్ స్విచ్చు, ముందు వెనక స్విచ్చు, మోటారు ప్లగ్గు చూడండి.

ముందుకు పోతుంది, వెనకకు పోదు: ముందు వెనక స్విచ్చు చూడండి.

ఖాళీగా తిరుగుతుంది, పిల్లవాడు ఎక్కితే ఆగుతుంది: బ్యాటరీ బలం తగ్గింది, లేదా ఎక్కడో లూజు కనెక్షను ఉంది. పిల్లవాడిని కూర్చోబెట్టి, పెడల్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి. 10 కంటే కిందికి పడితే ముందు నిండుగా ఛార్జి చేసి మళ్లీ చూడండి. అప్పుడూ పడితే బ్యాటరీ పని అయిపోయింది. బ్యాటరీ దగ్గర 12 ఉండి, మోటారు దగ్గర బాగా తక్కువ వస్తే నడుమ లూజు ఉంది. అక్కడ వైరు వేడిగా కూడా ఉంటుంది.

ఆగుతుంది, పది నిమిషాల తర్వాత మళ్లీ నడుస్తుంది: కొన్ని బండ్లలో వేడెక్కితే తెగి, చల్లారితే కలిసే ఫ్యూజు ఉంటుంది. బరువు ఎక్కువైందేమో చూడండి. ఇసుకలో, ఎత్తు మీద నడిపినా ఇలా అవుతుంది.

మోటారు తిరిగే చప్పుడు వస్తుంది, చక్రం తిరగదు: ఇది వైరు తప్పు కాదు. లోపల గేరు పళ్లు అరిగాయి.

పెడల్ వదిలినా బండి ఆగదు: ఇది అన్నిటికంటే ప్రమాదం. పెడల్ స్విచ్చు అతుక్కుపోయింది. వెంటనే పెద్ద స్విచ్చు ఆపండి. బాగుచేసే దాకా పిల్లలను ఎక్కించవద్దు.

బ్యాటరీ చాలా రోజులు బతకాలంటే

బండి నడిపిన రోజే ఛార్జి చేయండి. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద గట్టి పొర కడుతుంది. మళ్లీ ఛార్జి పట్టదు. వానకాలంలో బండి నడపకున్నా నెలకోసారి ఛార్జి చేయండి.

బండితో వచ్చిన ఛార్జరే వాడండి. గాలి ఆడే చోట ఛార్జి చేయండి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే గాలి రావచ్చు. పక్కన బీడీ, దీపం, పొయ్యి ఉండవద్దు.

నదిలో, వాన నీళ్లలో బండి నడపవద్దు. తడిస్తే బ్యాటరీ వైర్లు ఊడదీసి, బాగా ఆరనివ్వండి. క్లిప్పుల మీద పచ్చని చిలుము పడితే గరుకు కాగితంతో తుడవండి.

పాత బ్యాటరీని పగలగొట్టవద్దు. చెత్తకుప్పలో వేయవద్దు. దానిలో సీసం, ఆమ్లం ఉన్నాయి. సీసం పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. బ్యాటరీ అమ్మే దుకాణంలో తిరిగి ఇవ్వండి. వాడిన బ్యాటరీల గురించి కేంద్ర ప్రభుత్వం 2022లో కొత్త నియమాలు చేసింది.

అక్క నోటుబుక్కు

అక్క ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టింది. కాక దగ్గర పాత మీటరు ఒకటి కొన్నది. పొద్దున బండి తీసే ముందు మూడు సంగతులు రాస్తుంది.

తేదీ.
బ్యాటరీ ఎన్ని వోల్టులు.
వైర్లు, పెడల్ ఎలా ఉన్నాయి.

అంకె రోజురోజుకు తగ్గుతుంటే బ్యాటరీ ముసలిదవుతున్నదని ఆమెకు ముందే తెలుస్తుంది. పండుగ ముందు రోజు పరేషాన్ ఉండదు. ఎవరో చెప్పింది నమ్మి పైసలు పోగొట్టుకునే పని లేదు. కొత్త మోటారు కావాలని ఎవరన్నా అంటే, "మీటరు పెట్టి చూపించు" అని అడుగుతుంది.

ఆలోచించండి – చెప్పండి

1. ఫ్యూజు కాలితే రాగి తీగ ఎందుకు చుట్టవద్దు?
2. కాక మోటారు ప్లగ్గు ఎందుకు ఊడదీశాడు?
3. పెడల్ నొక్కితే మీటరు కూసింది, వదిలితే ఆగింది. దీన్ని బట్టి ఏమి తెలిసింది?
4. మీ ఇంట్లో ఫ్యూజు ఎక్కడ ఉంది? దానిలో ఎవరైనా లావు తీగ చుట్టారా? ఇంటి కరెంటు 230 వోల్టులు. మీరు తాకవద్దు. కరెంటు పని తెలిసినవారితో చూపించండి.

ఖాళీలు నింపండి

1. ఛార్జి నిండిన బ్యాటరీ ______ నుంచి 12.8 వోల్టులు చూపుతుంది.
2. + గుర్తు ఉన్న కొసకు ______ వైరు.
3. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నచోట ______ ఆంపియర్లదే పెట్టాలి.
4. మన ఇంటి కరెంటు ______ వోల్టులు.

రాయండి

మీ ఇంట్లో బ్యాటరీతో నడిచే వస్తువు ఏదైనా తీసుకోండి. టార్చిలైటు కావచ్చు, గోడ గడియారం కావచ్చు. దాని మీద ఉన్న అంకెలు, గుర్తులు చూసి నోటుబుక్కులో రాయండి. రేపు బడికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.